సబ్‌టైటిల్స్ చదివి వినిపిస్తూ మా అత్తయ్యతో చూసిన సినిమాలు

విదేశీ సినిమాలు, పాత క్లాసిక్స్, పెద్దగా ఎవరూ పట్టించుకోనివి ఇంట్లో టీవీలో చూస్తే నిజంగా ఎక్కుతాయా, సబ్‌టైటిల్స్ చదువుకోవడంతోనే సరిపోదా అని అడిగారు.

నా సంగతి కాస్త తేడా. నేను సబ్‌టైటిల్స్ చదువుకోను, పైకి చదివి వినిపిస్తాను. మాది చెన్నైలో విరుగంబాక్కం. చిన్న ఫ్లాటు, ఒకటే టీవీ. నేనేం పెట్టినా మా అత్తయ్య కూడా చూడాల్సిందే. ఆవిడకి ఎనభై దగ్గర పడ్డాయి, ఇంగ్లీషు రాదు. మొదట్లో "ఏమంటున్నాడమ్మాయ్?" అని అడిగినప్పుడల్లా ఓ ముక్క చెప్పేదాన్ని. పోను పోను సినిమా మొత్తం తెలుగులో చెప్పుకుంటూ పోవడం అలవాటైంది. మా ఆయన దీనికి లైవ్ డబ్బింగ్ అని పేరు పెట్టారు. పక్కనే సినిమా డబ్బింగ్ థియేటర్లుండే సాలిగ్రామం, ఆ గాలి సోకిందేమో!

ఇలా చెప్పడం మొదలుపెట్టాక, నేను ప్రాణంగా చూసుకునే సినిమాలు కొన్ని నా నోట్లోనే నీరుగారిపోయాయి. అందులో మొదటిది సిడ్నీ ల్యూమెట్ తీసిన '12 యాంగ్రీ మెన్' (1957). గంటన్నర సినిమా, దాదాపు అంతా ఒకే గదిలో. ముందు జ్యూరీ అంటే ఏమిటో చెప్పాలి. "జడ్జి ఉండగా వీళ్ళెందుకు?" అన్నారు. మన దేశంలో కూడా ఒకప్పుడు ఉండేదని, తర్వాత తీసేశారని చెప్పేలోపు తెర మీద నలుగురు మాట్లాడేశారు. ఒకడి మాట నేను పూర్తి చేసేసరికి ఇంకొకడు అరుస్తున్నాడు. అరగంటకి నా గొంతు ఎండిపోయింది. ఆవిడ మాత్రం మర్యాదకి కదలకుండా కూర్చుని, "పాపం, వాళ్ళకి ఫ్యాను కూడా తిరగట్లేదే" అన్నారు. ఆ మాట పట్టుకుని తర్వాత ఆలోచించాను. సినిమా సాగేకొద్దీ ల్యూమెట్ లెన్సులు మారుస్తూ గది ఇరుకైపోతున్నట్టు చూపించాడని నేను చదివి తెలుసుకున్నా. ఆవిడకి ఆ ఉక్క ఊరికే తెలిసిపోయింది. కథే చేరలేదు.

రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన 'స్టాకర్' సంగతి చెప్పక్కర్లేదు. దానికి చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి. మా ఇంట్లో ఆ రెండూ రాత్రి పదకొండు తర్వాతే దొరుకుతాయి, అప్పటికి నేనే మెలకువగా ఉండను.

'బైసికిల్ థీవ్స్' (1948) రోజు మాత్రం నా నోటికి పెద్దగా పని పడలేదు. యుద్ధం అయిపోయిన తర్వాతి రోమ్ నగరం. గోడలకి పోస్టర్లు అంటించే ఉద్యోగం వచ్చింది, దానికి సైకిల్ కావాలి, సైకిలేమో తాకట్టులో ఉంది. భార్య లేచి మంచం మీది దుప్పట్లు లాగేస్తుంది. అక్కడ నేనేమీ చెప్పలేదు. "అవి ఆ పిల్ల పుట్టింటివే అయ్యుంటాయి" అని అత్తయ్యే అన్నారు. తర్వాత తాకట్టు కొట్టులో ఒకతను ఆ మూట భుజాన వేసుకుని నిచ్చెనలాంటి అరలు ఎక్కుతూ పోతాడు. కెమెరా అతని వెంట పైకి వెళ్తుంటే, అరల నిండా అలాంటి మూటలే. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపేసి, "అబ్బో, ఊరంతా పెట్టేసిందే" అన్నారు. తర్వాత గూడూరులో మార్వాడీ కొట్టు అటక మీద పేర్లు రాసిన చీటీలతో వరసగా ఉండే బిందెల గురించి చెప్పారు. పండక్కి ముందు విడిపించి, పండగ కాగానే మళ్ళీ పెట్టేవాళ్ళట.

హీరోగా వేసినతను నటుడు కాదు, నిజంగానే ఫ్యాక్టరీ కార్మికుడు. ఆ మాట నేను చెప్పినప్పుడు ఆవిడకేం ఆశ్చర్యం కలగలేదు. ముగింపు మాత్రం అస్సలు నచ్చలేదు. కొడుకు చూస్తుండగా తండ్రి దొంగతనం చేయడమేంటని ఆ రాత్రి అన్నం దగ్గర కూడా విసుక్కున్నారు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "ఇంతకీ ఆ సైకిల్ దొరికిందంటావా?" అని అడిగారు.

ఇరాన్ దర్శకుడు కియరోస్తమీ తీసిన 'వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హోమ్' (1987) కూడా అలాంటిదే. పొరపాటున తన సంచిలోకి వచ్చిన స్నేహితుడి నోట్‌బుక్ తిరిగి ఇవ్వడానికి ఒక పిల్లాడు పక్క ఊరికి పరిగెత్తడం, అంతే కథ. వాడు నోట్‌బుక్ గురించి చెబుతుంటే తల్లి వినదు, పని మీద పని చెబుతూనే ఉంటుంది. అత్తయ్య ఆ తల్లిని నెల్లూరు యాసలో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అసలు చెప్పాల్సింది జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' (1953) గురించి. చూసింది 2019 ఎండాకాలంలో, ఊరంతా నీళ్ళకి కటకటలాడుతున్నప్పుడు. ఒనొమిచి అనే ఊరినుంచి ముసలి దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వస్తారు. పెద్దకొడుకు డాక్టరు, కూతురు షిగేకి బ్యూటీ పార్లర్. ఇద్దరికీ తీరిక ఉండదు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నొరికో మాత్రం ఆఫీసుకి సెలవు పెట్టి వాళ్ళని ఊరు తిప్పుతుంది.

నిజం చెప్పాలంటే ఈ సినిమా పెట్టడానికి జంకాను. మా అత్తయ్య ఆర్నెల్లు మా దగ్గర, ఆర్నెల్లు హైదరాబాద్‌లో మా మరిది దగ్గర ఉంటారు. పైగా రెండు గంటల పైచిలుకు సినిమా, అందులో ఏమీ జరగదు, అంతా మాటలే. ఇదీ '12 యాంగ్రీ మెన్' బాటే పడుతుందనుకున్నా.

మొదలవగానే ముసలాయన, ముసలమ్మ ప్రయాణానికి సామాను సర్దుకుంటూ ఉంటారు. గాలి దిండు నీ దగ్గరుందంటే నీ దగ్గరుందని అనుకుంటారు. నేను చదవబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి, "ఆయన సంచిలోనే ఉంటుంది చూడు" అన్నారు. ఉంది. ఇక అక్కణ్ణించి నేను వెనక, ఆవిడ ముందు. అల్లుడు ఖరీదైన కేకులు తెస్తే షిగే మొహం చూసి, "అంత పెట్టి తేవడమెందుకు, మామూలువి చాలు అంటోంది కదూ?" అన్నారు. సరిగ్గా అదే అంటోంది.

ఒక్కచోట నేనే మింగేశాను. పార్లర్‌కి వచ్చిన ఒకావిడ వీళ్ళెవరని అడిగితే, షిగే తల్లిదండ్రుల్ని ఊర్లో తెలిసినవాళ్ళు అని చెబుతుంది. నేను చదవకుండా ఊరుకున్నా. "ఏమంది? చెప్పలేదే?" అని అడిగారు. చెప్పాను. ఏమీ అనలేదు.

పిల్లలు డబ్బులేసుకుని వాళ్ళని అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపించేసే చోట కింద హారన్ మోగింది, నీళ్ళ లారీ. బిందెలు పట్టుకుని దిగి, నింపుకుని, చెమటలు కక్కుతూ పైకి వచ్చేసరికి ముప్పావుగంట. అత్తయ్య ఆగిపోయిన బొమ్మనే చూస్తూ కూర్చుని ఉన్నారు. ఆవిడెప్పుడూ నేల మీద చాపేసుకునే చూస్తారు. ఓజు కెమెరా కూడా అంత ఎత్తులోనే ఉంటుంది, చాప మీద కూర్చున్న మనిషి చూపు ఎంత ఎత్తులో ఉంటుందో అంతే. సోఫాలో కూర్చున్నన్నాళ్ళూ నాకు అది పుస్తకంలో చదివిన విషయమే. లేచే ఓపిక లేక ఆ రోజు ఆవిడ పక్కన చాప మీద చతికిలబడ్డా. ఆ ముసలివాళ్ళు మా ఎదురుగానే కూర్చున్నట్టుంది.

నొరికో గురించి ఆవిడ ఏదో అంటారని, దాంట్లో నాకో చురక ఉంటుందని కాచుకుని ఉన్నా. ఆవిడ షిగేనే వెనకేసుకొచ్చారు. "కొట్టు నడుపుకునేదానికి తీరికెక్కడిది? ఆ కోడలికి మాత్రం మొగుడూ పిల్లలూ ఉంటే ఇంతే." నాకు నోట మాట రాలేదు. కాసేపటికి సినిమా చివర్లో నొరికోనే ఇంచుమించు ఆ మాట అంటుంది, ఆడబిడ్డతో. పిల్లలు పెద్దయ్యాక ఎవరి బతుకు వాళ్ళదవుతుంది, నేనూ అలాగే అవుతానేమో అని. దాన్ని నేను చదివి చెప్పనక్కర్లేకపోయింది.

ముసలాయనగా వేసిన చిషూ ర్యూకి అప్పటికి యాభై కూడా నిండలేదంటే అత్తయ్య నమ్మలేదు. "ఆ నడుం చూడు" అన్నారు. కాసేపాగి, "మన రంగారావు చేయలా?" అని ఆవిడే అన్నారు. అలా మరుసటి వారం 'బంగారుపాప' (1955) పెట్టాం. బి.ఎన్.రెడ్డి సినిమా, మాటలు పాలగుమ్మి పద్మరాజు. జార్జ్ ఎలియట్ ఇంగ్లీషు నవల 'సైలస్ మార్నర్' దీనికి మూలం. కోటయ్యగా వేసేనాటికి ఎస్వీఆర్‌కి నలభై కూడా లేవు. దొరికిన ప్రింటు నిండా గీతలు, సౌండ్ గరగర. సగం మాటలు నాకు అర్థం కాలేదు. టూరింగ్ టాకీసులో నేల టికెట్‌కి చూసిన సినిమా కాబట్టి ఈసారి డబ్బింగ్ ఆవిడ చెప్పారు. బరువైన చోట్ల గొంతు కూడా మార్చారు. మీరు అడిగిన "ఎవరూ పట్టించుకోనివి" కోవలో నా ఓటు దీనికే. బి.ఎన్.రెడ్డిదే 'మల్లీశ్వరి' గురించి మాట్లాడేవాళ్ళు వందమంది ఉంటే దీని గురించి ఒకరుంటారు.

మీరు మొదలుపెట్టేటట్టయితే కియరోస్తమీతో మొదలుపెట్టండి, గంటన్నర కూడా ఉండదు. కథ చాలా చిన్నది. పక్కన పెద్దవాళ్ళుంటే ఇంకా మంచిది.

జపాన్‌వాడే అయిన కురొసావా తీసిన 'ఇకీరు' (1952) మాత్రం ఆవిడకి ఇంకా చూపించలేదు. నేను ఒక్కదాన్నే రెండుసార్లు చూశాను. మునిసిపల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు కాగితాల మీద ముద్రలు వేసిన ఉద్యోగికి కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. మా మామయ్యగారు పోయిందీ దాంతోనే. టీవీలో ఆ సినిమా బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను గబగబా పక్కకి జరిపేస్తా. మంచులో ఉయ్యాల మీద కూర్చున్న ముసలాయన బొమ్మ అది. "ఆ ఉయ్యాల ఆయన సినిమా ఎప్పుడు పెడతావమ్మాయ్?" అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు. చాలా పెద్ద సినిమా అత్తయ్యా, ఆదివారం చూద్దాం అంటున్నా.