తూము మారిస్తేనే చేప పైకెక్కేది

ప్రశ్న: ఐ-405 హైవే వెడల్పు చేస్తూ, దాని కింది చిన్న తూములు తీసి పెద్ద పెట్టె కల్వర్టులు కడుతున్నారు. సాల్మన్ చేపల కోసమట. పాత తూములోంచి నీళ్లు బాగానే పోతున్నాయిగా! వడి తగ్గేలా లోపల అడ్డుగోడలు కట్టి సరిపెట్టకూడదా?
– ఒక పాఠకురాలు, బెల్వ్యూ, వాషింగ్టన్ రాష్ట్రం

జవాబు: నీళ్లు దిగితే చాలదండీ, చేప ఎదురెక్కాలి. పులస గోదావరికి ఎదురీదినట్టే సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి వాగుల్లోకి వస్తుంది. పదడుగుల వాగును నాలుగడుగుల గొట్టంలోకి తోస్తే వడి పెరిగి, దిగువ మూతి దగ్గర నేల కోసుకుపోతుంది. కొన్నేళ్లకు మూతి గాల్లో వేలాడుతుంది. నీటిమట్టాల తేడా 24 సెంటీమీటర్లకు చేరితే అక్కడ దాన్ని అడ్డంకిగానే లెక్కేస్తారు. పెద్ద చేప ఎగిరి దాటినా, వరదకు తలదాచుకోవడానికి పైకి పోయే వేలెడంత కోహో (సాల్మన్‌లో ఒక రకం) పిల్లలు దాటలేవు.

అడ్డుగోడలకు కొమ్మలు, రాళ్లు తట్టుకుంటాయి. శుభ్రం చేయకపోతే చేపకు దారి మూసుకుపోతుంది, శీతాకాలపు వానకు నీళ్లు రోడ్డెక్కుతాయి.

కల్వర్టు వెడల్పుకు అక్కడ వాడే లెక్క: వాగు ఒడ్డు నిండా పారేటప్పటి వెడల్పుకు 1.2 రెట్లు, దానికి మరో 2 అడుగులు. పదడుగుల వాగుకు 14 అడుగులన్నమాట. కల్వర్టు ఎత్తులో 30 నుంచి 50 శాతం వాగు రాళ్లతో నింపాలి. క్రషర్ కంకర పనికిరాదు, గుండ్రాళ్లే కావాలి. ఎక్కువగా చెడేది ఇక్కడే. రాళ్ల సందుల్లో ఇసుక పట్టించకపోతే ఎండాకాలం నీరంతా అడుక్కి ఇంకిపోయి, పైన చేప ఈదడానికి చుక్క మిగలదు. అందుకే అడుగు మందాన పొర పరిచి, సన్న ఇసుక చల్లి, నీళ్లు కొట్టాలి. నీరు ఇంకకుండా పైన నిలిచాకే తర్వాతి పొర. నడిమధ్య సన్నపాయ తీయడం మరవకూడదు, లేకుంటే నీరు పలచగా పరుచుకుపోతుంది.

దీని వెనక కోర్టు ఆజ్ఞ కూడా ఉంది. 1854–55 ఒప్పందాలు తమకిచ్చిన చేపల హక్కును ఈ తూములు దెబ్బతీస్తున్నాయని 21 ఆదివాసీ తెగలు వాదించాయి. వాటిని మార్చాలన్న 2013 నాటి కింది కోర్టు ఆజ్ఞ, 2018లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 4–4గా చీలడంతో అలాగే ఖాయమైంది. న్యాయం తెగల వైపే ఉంది, ఇంత ఆలస్యమే బాధాకరం.

ప్రశ్న: పని జరిగేటప్పుడు వాగులో ఉన్న చేపల మాటేమిటి?

జవాబు: నీరు తక్కువుండే వేసవిలోనే పని పెడతారు. ఎగువా దిగువా వల కట్టి, మధ్యలోని చేపలను వలతో, మిగిలినవాటిని తేలికపాటి కరెంటుతో స్తంభింపజేసి పడతారు. గాలి బుడగలు అందే బకెట్లలో వేసి వేరేచోట వదులుతారు. ఆ తర్వాతే వాగును పక్క గొట్టంలోకి మళ్లిస్తారు. మోటారు పెడితే పీల్చే మూతికి 2.4 మిల్లీమీటర్ల కన్నుల జల్లెడ తప్పనిసరి. అంతకంటే పెద్ద కన్నైతే చేపపిల్లలు లోపలికి పోతాయి.