స్పీడోమీటర్ కేబుల్ ఊడదీస్తే మరమ్మతు చేసినట్టేనా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా నాన్నగారు 1982లో కొన్న ప్రీమియర్ పద్మిని కారును ఇప్పటికీ నడుపుతున్నాను. వేగం 40 దాటితే డ్యాష్‌బోర్డు వెనుక కీచుమని శబ్దం వచ్చేది, మీటరు ముల్లు ఊగేది. ఒక గ్యారేజీలో 3,500 రూపాయలు తీసుకుని కొత్త స్పీడోమీటర్ కేబుల్ వేశామన్నారు. బిల్లు ఇవ్వలేదు, డబ్బు యూపీఐలో పంపాను. మూడు వారాలకే శబ్దం మళ్లీ మొదలైంది. తిరిగి తీసుకెళితే నాకు చెప్పకుండా కేబుల్ ఊడదీసి, ‘పాత బండికి మీటరెందుకు సార్, ఇక చప్పుడు రాదు’ అన్నారు. ఇలా కారు నడపవచ్చా? నా డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: దయచేసి ఆ కారును ప్రస్తుత స్థితిలో రోడ్డు మీదికి తీయకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 117వ నియమం ప్రకారం, గంటకు 30 కిలోమీటర్లకు మించని వేగానికి రూపొందించినవి తప్ప ప్రతి మోటారు వాహనానికీ డ్రైవరుకు వేగం చూపించే పరికరం ఉండాలి. బండి పాతదైనంత మాత్రాన ఆ బాధ్యత తొలగిపోదు. వింటేజ్ వాహనాల ప్రత్యేక రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు నిండిన వాటికే కనుక అది మీ కారుకు ఇంకా వర్తించదు. కీచు శబ్దం ఒక్కటే నేరం కాదు గానీ, లోపం తెలిసి కూడా ప్రమాదకరమైన స్థితిలో వాహనం నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద 1,500 రూపాయల జరిమానా, దానివల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు లేదా 5,000 రూపాయల జరిమానా లేదా రెండూ పడే అవకాశం ఉంది. అతివేగం కేసులో ‘నా మీటరు పనిచేయలేదు’ అన్న వాదన మిమ్మల్ని కాపాడదు. ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోసం జరిగే తనిఖీలోనూ పనిచేయని మీటరు మీద అభ్యంతరం రావచ్చు.

ఇక గ్యారేజీ బాధ్యత. డబ్బు తీసుకుని చేసిన పని కనుక ఇది వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 పరిధిలోకి వచ్చే సేవ. అయితే ఒక సంగతి మీరు నిదానంగా ఆలోచించాలి. శబ్దం తిరిగి వచ్చినంత మాత్రాన సేవాలోపం రుజువైనట్టు కాదు. గేర్‌బాక్స్ నుంచి మీటరు దాకా గొట్టంలో తిరిగే లోపలి తీగకు గ్రీజు ఎండిపోయినా, కేబుల్‌ను మరీ మెలిక పెట్టి బిగించినా ముల్లు ఊగుతుంది, కీచుమంటుంది. మీటరులోనే ఇరుసు ఎండిపోయినా ఇదే శబ్దం వస్తుంది, అప్పుడు కొత్త కేబుల్ వేసి ప్రయోజనం లేదు. కాబట్టి ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ ముందు మీరు చూపించవలసింది, సాధారణ నైపుణ్యం ఉన్న మెకానిక్ చేసే పరీక్ష ఇక్కడ చేయలేదని, లేదా వేశామన్న కొత్త కేబుల్ అసలు వేయలేదని.

ఆ రుజువు ఇప్పుడు మీ కారులోనే ఉంది, అందుకే ఎవరినీ దాన్ని విప్పనివ్వకండి. ముందుగా కేబుల్ రెండు చివరలను, ఓడోమీటరు (కారు తిరిగిన దూరం చూపేది) అంకెను ఫొటో తీసి, పాత కార్లు తెలిసిన మరో మెకానిక్‌ను ఇంటికి పిలిపించి, కేబుల్ కొత్తదా పాతదా, శబ్దానికి కారణం ఏమిటి అన్నది సంతకంతో రాయించుకోండి. వాయిదాలలో నేను మళ్లీ మళ్లీ చూసేది ఇదే: హక్కు లేక కాదు, కాగితం లేక చిన్న మొత్తాల ఫిర్యాదులు వీగిపోతున్నాయి.

బిల్లు లేదని మాత్రం అధైర్యపడకండి. యూపీఐ వివరం చెల్లింపుకు సాక్ష్యం. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల పరిరక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వాణిజ్య పద్ధతి కూడా. రెండోసారి జరిగినది మరింత తీవ్రమైనది. బాగుచేయమని అప్పగించిన వస్తువు విషయంలో మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువు పట్ల చూపేంత జాగ్రత్త తీసుకోవాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. మీ అనుమతి లేకుండా, చట్టం తప్పనిసరి చేసిన పరికరాన్ని పనికిరాకుండా చేయడం ఆ జాగ్రత్త అనిపించుకోదు.

15 రోజుల గడువు ఇచ్చి, 3,500 రూపాయలు వాపసు ఇవ్వాలని లేదా సరిగా బాగుచేసి బిల్లు ఇవ్వాలని కోరుతూ స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. అప్పటికీ తేలకపోతే మీరు నివసించే ప్రాంతపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నేరుగా గానీ, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్ ద్వారా గానీ ఫిర్యాదు చేయండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు కనుక రుసుము ఉండదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, ఆ లెక్కను రెండో సందర్శన నుంచి కాక, మొదట డబ్బు చెల్లించిన తేదీ నుంచి వేసుకోవడం మీకు క్షేమం.