మనోవర్తికి పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లై తొమ్మిదేళ్లు, ఒక పాప. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. 14,000 జీతం జాయింట్ ఖాతాలో పడుతుంది, కార్డు ఆయన దగ్గరే. తాగి కొడుతున్నాడు. నా ఎనిమిది తులాల బంగారం ఆయన పేరున తాకట్టులో ఉంది. నా డ్వాక్రా అప్పూ ఆయనే వాడుకున్నాడు. కన్నవారింటికి వెళ్లిపోతే హక్కులన్నీ పోతాయని అత్తగారు అంటున్నారు. విడాకులు తీసుకోవాలా?

జవాబు: అమ్మా, ముందు ఒక మాట. మళ్లీ చేయి చేసుకుంటే ఆలోచించకుండా 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. డబ్బు సంగతులు ఆ తర్వాతే.

మీ అత్తగారి మాట నిజం కాదు. దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలినంత మాత్రాన హక్కులు పోవు. 2005 గృహహింస చట్టం కింద విడాకులు అడగకుండానే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు. మీ జీతం, నగలు లాక్కోవడం కూడా ఆ చట్టం ప్రకారం హింసే. పుట్టింటివారు పెట్టిన బంగారం స్త్రీధనం, పూర్తిగా మీదే. దాన్ని ఇప్పించమని, ఈలోగా అమ్మకుండా ఆపమని ఆ కేసులోనే అడగండి. పెళ్లి ఫోటోలు, నగల బిల్లులు, తాకట్టు రసీదు ఫోటో భద్రంగా ఉంచుకోండి.

ఇప్పుడే వేరే బ్యాంకులో మీ సొంత ఫోన్ నంబరుతో ఖాతా తెరవండి. జీతం మాత్రం పాపతో క్షేమంగా బయటపడ్డాకే మార్పించండి. ముందే మారిస్తే ఆయనకు తెలిసిపోతుంది, అది ప్రమాదం. డ్వాక్రా అప్పు బ్యాంకు లెక్కలో మీదే. వాయిదా తప్పితే సంఘంలోని తోటి ఆడవాళ్లకు ఇబ్బంది, కాబట్టి దాన్ని ఆపకండి. ఆ నష్టాన్ని కోర్టులో అడగవచ్చు.

నేను గట్టిగా చెప్పేది ఇది: మనోవర్తి, అంటే మీ పోషణకు భర్త ఇవ్వాల్సిన భరణం, దాని పిటిషన్ ఆలస్యం చేయకండి. పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఆగిన ప్రతి నెలా మీకూ పాపకూ నష్టమే. మీకు జీతం ఉందని మనోవర్తి రాకుండా పోదు. ఇద్దరూ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలి, అందుకే ఆయన జీతం కాగితాలు, పొలం పాస్‌బుక్ దొరికితే ఫోటో తీసుకోండి.

విడాకులకు తొందర లేదు. పరస్పర అంగీకారంతో అయినా ఏడాది విడిగా ఉండాలి. ఈలోగా పెద్దమనుషుల పంచాయితీలో ఇంత ఇస్తాం, సంతకం పెట్టమంటే పెట్టకండి. స్టాంపు కాగితం మీద రాసుకున్నది విడాకులు కాదు, కానీ ఆ సంతకం రేపు మీకే అడ్డం తిరుగుతుంది.

లాయరు ఫీజుకు అప్పు చేయకండి. ఆదాయం ఎంతున్నా ఆడవారికి న్యాయసహాయం ఉచితం. విజయనగరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.