మలయాలో పనిచేసింది, వియత్నాంలో ఎందుకు ఫెయిలైంది?

కమ్యూనిస్టు గెరిల్లాలకు జనం సాయం అందకుండా ఊళ్లను కంచెల లోపలికి తరలించడం ఒకచోట పనిచేసి, ఇంకోచోట ఎందుకు విఫలమైందో వ్యాసం రాయబోతే మీకు తేలట్లేదంటే, రెండుచోట్లా కంచెనే పోలుస్తున్నారు. తిండి చూడండి.

1. మలయా (ఇప్పటి మలేషియాలో భాగం), 1950, బ్రిటిష్ పాలకుల బ్రిగ్స్ ప్రణాళిక: అడవి అంచున పట్టాల్లేకుండా బతుకుతున్న చైనీయుల్ని, 4 లక్షలకు పైగా, బలవంతంగా కొత్త ఊళ్లకు తరలించారు. గెరిల్లాలకు బియ్యం ఎక్కువగా వీళ్ల దగ్గర్నుంచే వెళ్లేది.

2. చాలామంది వదిలేసేది ఇదే. కొన్నిచోట్ల బియ్యం ఇవ్వకుండా ఊరంతటికీ ఒకేచోట వండి అన్నం పంచారు. ఆ ఉక్కలో అన్నం త్వరగా పాచిపోతుంది, అడవిలో దాచుకోలేరు. షాపులో తిండి డబ్బా కొన్నా, అదీ నిల్వ ఉండకుండా చిల్లు పెట్టి ఇచ్చేవారు. ఈ పేరా తప్పకుండా రాయండి.

3. దక్షిణ వియత్నాం, 1962: రైతుల్ని సొంత పొలాల నుంచి, తాతముత్తాతల సమాధుల నుంచి కదిలించారు. చాలా ఊళ్లలో గెరిల్లాల కుటుంబాలు కంచె లోపలే ఉన్నాయి, అంటే తిండి దారి తెగలేదు. 1963 నవంబరులో అధ్యక్షుడు డియెమ్ ప్రభుత్వం కూలిపోయాక ఈ తరలింపు పథకమూ కుప్పకూలింది.