మండేలా లాయరే, కానీ ఆ ఆఫీసు మోసింది టాంబో

"మండేలా జైలుకెళ్లక ముందు నిజంగా లాయర్‌గా పనిచేశారా, పేరుకేనా?" అని అడిగారు. పేరుకేం కాదు, రోజూ కోర్టు మెట్లెక్కిన లాయరే. 1952లో తోటి లాయర్ ఆలివర్ టాంబోతో కలిసి జొహానెస్‌బర్గ్‌లో 'మండేలా అండ్ టాంబో' అని బోర్డు పెట్టారు. అప్పట్లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి లాయర్లు భాగస్వాములుగా నడిపిన ఫర్మ్ అదొక్కటే.

ఉద్యోగం మీద ఆ ఊళ్లో ఉన్నప్పుడు ఆ ఆఫీసు చూద్దామని బయల్దేరితే, మా తెలుగువాళ్లంతా "డౌన్‌టౌన్‌కా, వద్దు బాబూ" అన్నారు. ఖరీదైన శాండ్‌టన్ పేటలోని మాల్స్ తప్ప ఊరు చూడకుండానే తిరిగొచ్చేస్తారు మనవాళ్లు, అదో బాధ. ఆ ఆఫీసు ఉండింది ఫాక్స్ స్ట్రీట్‌లోని ఛాన్సలర్ హౌస్‌లో, చిన్న బిల్డింగే. నగరం నడిబొడ్డున ఆఫ్రికన్లకు గది అద్దెకిచ్చేవాళ్లే అరుదైన రోజుల్లో, భారతీయులది కాబట్టి అది దొరికింది. ఎదురుగానే మేజిస్ట్రేట్ కోర్టు. నల్లవాళ్లు ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన అనుమతి పత్రం, అదే 'పాసు', లేదని పోలీసులు పట్టుకున్నవాళ్లు, 'తెల్లవాళ్లకు మాత్రమే' అన్న తలుపులోంచి వెళ్లినవాళ్లు, రాత్రి 11 దాటాక వీధిలో కనబడినవాళ్లు, ఇలాంటి 'నేరస్థుల'తో మెట్లూ వరండాలూ పొద్దున్నే నిండిపోయేవట.

ఒక కేసు చెబుతాను. యజమానురాలి బట్టలు దొంగిలించిందని ఒక పనిమనిషి మీద కేసు. కోర్టులో బల్ల మీద బట్టలన్నీ పరిచారు. మండేలా అందులోంచి ఒక లోదుస్తును పెన్సిల్ కొనతో పైకెత్తి, అందరికీ చూపించి, "అమ్మా, ఇది మీదేనా?" అని అడిగారు. ఆవిడ సిగ్గుతో కాదనేసింది. కేసు కొట్టేశారు.

ఇలాంటి కథలన్నీ మండేలావే మిగిలాయి. నా దృష్టిలో మాత్రం ఆ ఫర్మ్‌ను నిలబెట్టింది టాంబో. అంతకుముందు లెక్కలు, సైన్సు చెప్పిన మాస్టారు, నెమ్మదస్తుడు. మండేలా మీద సభలకు వెళ్లకూడదు, ఊరు దాటకూడదు అంటూ ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ నిషేధాలు, పైగా 1954లో ఆయన్ని లాయర్ల జాబితాలోంచే తీసేయించాలని లాయర్ల సంఘమైన లా సొసైటీ కోర్టుకెక్కి ఓడిపోయింది. ఆ గొడవల మధ్య ఫైళ్ల బరువు ఎవరి మీద పడుతుంది? 1956లో ఇద్దర్నీ రాజద్రోహం కింద పట్టుకెళ్లాక ప్రాక్టీసు చితికిపోయింది, 1960లో టాంబో దేశం దాటాక అసలే లేదు. ఆయన తిరిగొచ్చింది 1990లో.

ఈరోజు ఆ బిల్డింగు ముందు బాక్సింగ్ చేస్తున్న స్టీలు బొమ్మ మండేలాది. టాంబో పేరు జొహానెస్‌బర్గ్ ఎయిర్‌పోర్టుకి పెట్టారు, రోజూ మనవాళ్లెందరో అక్కడే దిగుతారు. ఆయనెవరని నేను అడిగినవాళ్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు.