యూలు కనిపిస్తే దాచొద్దు నాయనా

నాయనా చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, వీడు రేడియోలో సెకనుకు 5 కోట్లు పంపుతాడంట, రెండు రోజులుగా సరిగ్గా అన్నం కూడా తినడం లేదు" అంటే, డబ్బనుకుందేమోనని నవ్వొచ్చింది. శాంపిళ్లమ్మా, శాంపిళ్లు, సిగ్నల్‌ను ముక్కలుగా కొలిచిన అంకెలు అని సర్దిచెప్పి పెట్టేశాను గానీ ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. కడపలో కూర్చుని మా చిన్నోడు కంప్యూటర్‌తో నడిచే బీ210 రేడియో బోర్డుతో ఇంత వేగంగా ట్రాన్స్‌మిట్ చేయబోతున్నాడంటే గర్వంగానే ఉంది. కానీ ప్రదర్శన ఏప్రిల్ నెలాఖరులో, అదీ మధ్యాహ్నం అని తెలిసినప్పుడు మాత్రం గుండె జారింది. ఎందుకో చెప్తాను, ముందు చిన్న విషయాలు కానీ.

బోర్డును హబ్బు లేకుండా నేరుగా ల్యాప్‌టాప్ నీలం యూఎస్‌బీ పోర్టుకే పెట్టు. మొదలవగానే యూఎస్‌బీ 3 అని చూపిస్తుందో లేదో చదువు, 2 అని ఉంటే ఇక ఏం చేసినా దండగే. ఛార్జర్ తీయకు. సీపీయూ గవర్నర్‌ను, అంటే ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే సెట్టింగును, పెర్ఫార్మెన్స్‌లో పెట్టు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో ఈ పని వద్దు. సిగ్నల్ తయారుచేసే గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్‌లో ముచ్చటపడి పెట్టుకున్న స్పెక్ట్రమ్ బొమ్మలు తీసెయ్, అవి కూడా నీ ప్రాసెసర్‌నే తింటాయి.

లెక్క ఒకసారి కాగితం మీద వేసుకో. యూఎస్‌బీ తీగ మీద శాంపిల్‌కు 4 బైట్లు, అంటే సెకనుకు 200 మెగాబైట్లు. యూఎస్‌బీ 2 పుస్తకం లెక్కలోనే 60 దాటదు. నువ్వు పంపే ఫైలు ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల రూపంలో ఉంటే శాంపిల్‌కు 8 బైట్లు, అంటే డిస్కు నుంచి 400 రావాలి, పాత హార్డ్ డిస్కు అందులో సగం కూడా ఇవ్వలేదు. అందుకే ఫైలును ముందే ర్యామ్‌లోకి ఎక్కించుకో. ఇంకా సరిపోకపోతే తీగ మీద 8 బిట్ల రూపం వాడొచ్చు, భారం సగమవుతుంది, సిగ్నల్ నాణ్యత కూడా కొంత పోతుంది, అది నీ ఇష్టం.

ఇక స్క్రీన్ మీద యూలు, అంటే రేడియోకు శాంపిళ్లు సమయానికి అందనప్పుడల్లా పడే U అక్షరాలు. మీ తాత తోట గుర్తుందా? బోరు, సిమెంటు తొట్టి, కింద డ్రిప్పు. బోరు పోసేదానికంటే డ్రిప్పు లాగేది ఎక్కువైతే తొట్టిని ఎంత పెద్దది కట్టినా అది ఎండేదే, కాకపోతే కొంచెం ఆలస్యంగా ఎండుతుంది. బోరు బాగానే పోస్తూ కరెంటు మాత్రం మధ్యమధ్యలో పోతుంటే, అప్పుడు పెద్ద తొట్టి కాపాడుతుంది. శాంపిళ్లు కాసేపు నిలవుండే నీ బఫర్లు కూడా అంతే. యూలు ఆగకుండా ధారగా వస్తుంటే నీ కంప్యూటర్ సగటున చాలడం లేదన్నమాట, బఫర్ పెంచి లాభం లేదు, పని తగ్గించు లేదా రేటు తగ్గించు. ఎప్పుడో ఒకటీ రెండూ వస్తుంటేనే బఫర్లు, నీ ప్రోగ్రామ్‌కు ముందు వరస ఇచ్చే రియల్ టైమ్ ప్రయారిటీ జోలికి వెళ్లు. పంపడం అంతా అయిపోయాక చివర్లో ఒకే ఒక్క యూ వస్తే టెన్షన్ పడకు, పంపడం అయిపోయిందని రేడియోకు చెప్పే ఎండ్ ఆఫ్ బరస్ట్ జెండా మర్చిపోయుంటావు. అన్నిటికంటే ముందు బోర్డు డ్రైవర్ యూహెచ్‌డీతో వచ్చే బెంచ్‌మార్క్ రేట్ అనే పరీక్ష ప్రోగ్రామ్ నడుపు. అందులోనూ యూలు వస్తే తప్పు కంప్యూటర్‌ది, రాకపోతే తప్పు నీ కోడ్‌దో, ఫైలు చదివే డిస్కుదో. నువ్వు ఒప్పుకోవు, నాకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అనంతపురంలో నేను ఒకచోట పనిచేసేటప్పుడు, మే నెలలో, ఇలాంటి లింకే ఒకటి కట్టాం. పంపడం నా వంతు, అందుకోవడం కర్నూలు నుంచి వచ్చిన ఒక కుర్రాడి వంతు. పొద్దున పూట నా వైపు ఒక్క యూ కూడా ఉండేది కాదు. మధ్యాహ్నమయ్యేసరికి స్క్రీన్ నిండా యూలే. బఫర్ పెంచాను, ఇంకా పెంచాను, పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలు. ఆ వారంలో చూడటానికి పైవాళ్లు వస్తున్నారు. నేనేం చేశానో తెలుసా? ఎర్రర్ మెసేజీలన్నిటినీ డెవ్ నల్ అనే చెత్తబుట్టలోకి తోసేశాను. స్క్రీన్ శుభ్రంగా ఉంది. వచ్చినవాళ్లు చూసి మెచ్చుకుని టీ తాగి వెళ్లిపోయారు.

మెసేజ్ కనపడకపోతే రేడియోకు శాంపిళ్లు అందినట్టు కాదు కదా. అవి అందని క్షణం అది మూగబోతుంది, ఆ తర్వాతవి వెనక్కి జరిగి అతుక్కుంటాయి, అవతల టైమింగ్ చెడిపోతుంది. ఆ కుర్రాడు ప్యాకెట్లు పోతున్నాయని టైమింగ్ కలిపే తన సింక్ కోడ్‌లోనే తప్పు వెతుక్కున్నాడు. పదకొండు రోజులు. రాత్రి పూట కూడా ఉండి రాసిందే మళ్లీ రాసేవాడు. చివరికి ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, ప్యాకెట్లు పోయిన టైములన్నీ వరసగా రాసుకున్నాడు, ఒక్కటీ పన్నెండు గంటలకు ముందు లేదు. అప్పటికే నాకు అర్థమైంది. అయినా సిగ్గుపడి ఇంకో రెండు రోజులు నోరు విప్పలేదు. విప్పినప్పుడు అతను అరవలేదు. "మేడమ్, మీకు ముందే తెలుసా?" అని మాత్రం అడిగాడు. ఆ మాట నాకింకా వినపడుతుంది రా.

ల్యాప్‌టాప్ అడుగు విప్పితే ఫ్యాను రెక్కలకు, వేడి పోయే సందులకు దుమ్ము గుడ్డలాగా పట్టి ఉంది. ఎండ ముదిరేకొద్దీ ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటోంది, నేనేమో తొట్టి పెద్దది కట్టుకుంటూ కూర్చున్నాను. మీ కడప ఎండ మా అనంతపురం ఎండకేమీ తీసిపోదు. అందుకే రాత్రి ఏసీ గదిలో బాగా నడిచిందని మురిసిపోకు, మధ్యాహ్నం రెండింటికి, తలుపులు తీసి, గంటసేపు నడిపి చూడు. పక్కన సీపీయూ వేగం, వేడి రాసుకుంటూ ఉండు. యూలను లెక్కపెట్టు. ఎన్ని వచ్చాయో అందుకునే వైపు ఎవరున్నా వాళ్లకు చెప్పు, అది నీ ఫ్రెండే అయినా సరే.

ఇంకో భయం. యాంటెన్నా పెట్టి గాల్లోకి వదలొద్దు. లైసెన్స్ లేకుండా అంత వెడల్పు సిగ్నల్ అంటే ఇంకొకరి బ్యాండ్ మీద పడినట్టే. అలాగని పంపే టీఎక్స్‌ను అందుకునే ఆర్‌ఎక్స్‌కు ఉత్త కేబుల్‌తో కలపొద్దు. పంపేది 10 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) పైనే ఉంటుంది, అందుకునే వైపు మైనస్ 15 దాటితే తట్టుకోదు. మధ్యలో సిగ్నల్ బలాన్ని తగ్గించే 30 డీబీ అటెన్యుయేటర్ ఉండాల్సిందే. బోర్డు కాలేజీదైనా కాలితే కట్టేది మీ నాన్నే.

అటెన్యుయేటర్ నా దగ్గర ఒకటుంది, ఆదివారం పొద్దున బస్సులో తెస్తాను. అంతవరకు కేబుల్ ముట్టుకోకు. ఫ్యాను తుడవడానికి మీ అమ్మను పాత టూత్ బ్రష్ ఒకటి తీసి పెట్టమను. అన్నం తిను.

మీ పెద్దమ్మ