ఏటీసీ కొలువుకు నాలుగు లక్షల డిప్లొమా అక్కర్లేదు

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ అవుతానని పట్టుబడుతోంది. ఇంటర్ కాగానే ఏడాది ఏటీసీ డిప్లొమా చేస్తే విశాఖ విమానాశ్రయంలోనే ఉద్యోగం ఖాయమని, ఫీజు నాలుగు లక్షలని ఒక ప్రైవేటు సంస్థ వారు చెబుతున్నారు. చేర్పించవచ్చా? ముందు ముందు ఈ పనంతా కంప్యూటర్లే చేస్తాయని బంధువులు అంటున్నారు. రాత్రి డ్యూటీల గురించి కూడా బెంగగా ఉంది. - ఒక తండ్రి

సమాధానం: ఆ డబ్బు కట్టకండి. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగండి. మన దేశంలో పౌర విమానాల రాకపోకలను నియంత్రించే అధికారులను ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నియమిస్తుంది. జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు పరీక్ష పెట్టి ఎంపిక చేసుకున్నాక శిక్షణ కూడా తానే ఇస్తుంది. ప్రయాగ్‌రాజ్‌లో, హైదరాబాద్‌లో అందుకు సొంత శిక్షణ కేంద్రాలున్నాయి. శంషాబాద్ విమానాశ్రయాన్ని ప్రైవేటు సంస్థ నడుపుతున్నా, అక్కడ విమానాలను నియంత్రించే టవర్‌లో పనిచేసేది అథారిటీ అధికారులే. బయట చేసిన డిప్లొమా ఈ ఎంపికలో అర్హత కాదు, దానికి మార్కులూ కలవవు.

ఇక విశాఖలోనే ఉద్యోగం అన్న మాట. మీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఆ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. ప్రయాణికుల టెర్మినల్ అథారిటీ చూసుకుంటుంది, విమానాల నియంత్రణ మాత్రం నౌకాదళానిది. హైదరాబాద్ నుంచి వచ్చే ప్రయాణికుల విమానం దిగేటప్పుడు కూడా పైలట్‌కు టవర్ నుంచి జవాబిచ్చేది నౌకాదళం వారే. అక్కడ ప్రైవేటు డిప్లొమాతో కుర్చీ ఇప్పిస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. భోగాపురం కొత్త విమానాశ్రయం మీద ఆశ పెట్టుకోవడం సహజమే. కానీ అథారిటీలో చేరిన వారిని దేశంలో ఎక్కడికైనా పంపుతారు. మొదటి పోస్టింగే ఇంటి దగ్గర వస్తుందని లెక్క వేసుకోవద్దు.

అథారిటీ దారికి ఫిజిక్స్, మ్యాథమెటిక్స్‌తో రెగ్యులర్ బీఎస్సీ గానీ, బీఈ లేదా బీటెక్ గానీ ఉండాలి. బీటెక్ ఏ బ్రాంచి అయినా ఫరవాలేదు, ఈ రెండు సబ్జెక్టులు ఏదో ఒక సెమిస్టర్‌లో చదివి ఉండాలి. వయసు 27 ఏళ్లు దాటకూడదు, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి, ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. వెనుకటి బీఎస్సీ ఎంపీసీలో ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ వాటంతటవే ఉండేవి. ఇప్పుడు పిల్లలు ఏది మేజర్ (ప్రధాన సబ్జెక్టు), ఏది మైనర్ (రెండో సబ్జెక్టు) అని ఎంచుకోవాలి. అమ్మాయి బీఎస్సీలో చేరితే ఈ రెంటిలో ఒకటి మేజర్‌గా, రెండోది మైనర్‌గా తీసుకునేలా చూడండి. కంప్యూటర్స్ మేజర్ తీసుకుని, చివరికి మార్కుల మెమోలో ఫిజిక్స్ లేక దరఖాస్తు చేయలేని పరిస్థితి రాకూడదు.

రెండోది నౌకాదళ దారి. ఏటీసీ విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్ అధికారులుగా అమ్మాయిలనూ తీసుకుంటారు. బీటెక్‌లో 60 శాతం, పదిలోనూ ఇంటర్‌లోనూ 60 శాతం ఉండాలి. పదిలో గానీ ఇంటర్‌లో గానీ ఇంగ్లిష్‌లో కూడా 60 శాతం రావాలి. పదిలో ఆ మార్కులు రాకపోతే మిగిలింది ఈ ఏడాది పరీక్షే కాబట్టి, ఇంగ్లిష్‌ను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. తర్వాత సైనిక అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూ, కేరళలోని ఎళిమల నౌకాదళ అకాడమీలో శిక్షణ ఉంటాయి. ఇది పరిమిత కాలపు కొలువు, ఆ సంగతి తెలిసే వెళ్లాలి. రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలంటే నా ఓటు బీటెక్‌కే. అంత ఖర్చు కష్టమైతే బీఎస్సీతో అథారిటీ ఒక్కదాన్నే గురి పెట్టుకున్నా తప్పు లేదు.

అథారిటీ పరీక్షలో రెండు గంటల్లో 120 ప్రశ్నలు. సగం ఫిజిక్స్, మ్యాథ్స్, మిగతా సగం ఇంగ్లిష్, రీజనింగ్ వంటివి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆపైన మాట స్పష్టత చూసే గొంతు పరీక్ష, మానసిక పరీక్ష, వైద్య పరీక్ష. 2022లో 400, 2023లో 496, 2025లో 309 పోస్టులు ప్రకటించారు. ఏటా నోటిఫికేషన్ వస్తుందన్న హామీ లేదు, అందుకే చేతిలో మరో ఉద్యోగ ప్రయత్నం కూడా ఉండాలి. మొదటి స్కేలు 40,000 నుంచి 1,40,000 రూపాయలు, అలవెన్సులు అదనం.

కంప్యూటర్ల మాటకొస్తే, అవి ఇప్పటికే వచ్చేశాయి. విమానం తన స్థానాన్ని తానే ప్రసారం చేసే ఏడీఎస్-బీ ఉంది. రాడార్ అందని సముద్రం మీద పైలట్‌తో అక్షర సందేశాలు నడిపే డేటా లింక్ ఉంది. రెండు విమానాలు ప్రమాదకరంగా దగ్గరవుతుంటే తెర హెచ్చరిస్తుంది. అయినా నిర్ణయం అధికారిదే. బంగాళాఖాతం మీద క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపుల మేఘాలు కమ్మాయనుకోండి. ఒకేసారి నలుగురు పైలట్లు పక్కకు తప్పుకుంటామని అడుగుతారు. వారిలో ఒకరికి ఇంధనం తక్కువ, ఇంకొకరి విమానంలో రోగి ఉండవచ్చు. ఎవరికి ఏ ఎత్తు, ఏ దిశ ఇవ్వాలో క్షణాల్లో తేల్చి, స్పష్టంగా చెప్పి, పైలట్ దాన్ని సరిగ్గా తిరిగి చెప్పాడో లేదో చెవిపెట్టి వినాలి. ఈ రీడ్‌బ్యాక్ వినడం ఈ పనికి ప్రాణం. పైలట్ తప్పుగా తిరిగి చెప్పిన అంకెను ఆ క్షణంలోనే పట్టుకుని సరిదిద్దాలి. అందుకే మీ అమ్మాయికి ర్యాంకుతో పాటు నిదానం, స్పష్టమైన ఉచ్చారణ, వినే ఓపిక కావాలి. రోజూ పావుగంట ఇంగ్లిష్ వార్తలు పైకి చదివించి, విన్న అంకెలు రాయించండి.

రాత్రి డ్యూటీలు తప్పవు, ఆడా మగా తేడా లేదు. అయితే టవర్, రాడార్ గదులు పటిష్ఠమైన భద్రత ఉన్న ఆవరణలో ఉంటాయి, ఒంటరిగానూ ఉండరు. నిద్రవేళలు మారడం మాత్రం నిజమైన కష్టమే. అది తట్టుకోగలదా అని అమ్మాయితోనే నేరుగా మాట్లాడండి.

డిగ్రీలో చేర్చే ముందే ఒక పని చేయండి. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రిలో రంగులు గుర్తించే పరీక్ష చేయించండి. కళ్లద్దాలు ఉంటే అథారిటీ ఉద్యోగానికి ఇబ్బంది లేదు, రంగుల లోపం ఉంటే మాత్రం వైద్య పరీక్షలో ఆగిపోతుంది. నౌకాదళం చూపు ప్రమాణాలు వేరు, ఆ నోటిఫికేషన్‌ను విడిగా చదవండి.